ఆర్కిమిడీస్ సూత్రానికి రెన్యువల్

దక్షిణామూర్తి గారు రిజిస్ట్రారుగా వచ్చిన పద్నాలుగో రోజు, ఉదయం పదకొండున్నరకి, ఆర్కిమిడీస్ సూత్రానికి గడువు తీరిపోయింది. ఆ సంగతి నూకరత్నానికి పన్నెండింటికి తెలిసింది.

అప్పటికి ఆమె ప్రాథమిక, అనువర్తిత శాస్త్రాల విశ్వవిద్యాలయంలో పరిశోధన విభాగం కిటికీ ముందు నిలబడి ఉంది. చేతుల్లో నల్ల అట్ట వేసిన సిద్ధాంత గ్రంథం, నాలుగు ప్రతులు, ఒక్కోటి మూడువందల పన్నెండు పేజీలు. ఆరేళ్ళ కష్టం అది. ఉప్పునీళ్ళలో వరి విత్తనాలు పోస్తే తాలు గింజలు తేలతాయి, గట్టి గింజలు మునుగుతాయి. ఇది రైతులందరికీ తెలుసు. ఈ రెండూ కాకుండా, పైకి రాక, అడుక్కి పోక నీళ్ళ మధ్యలో వేలాడే గింజలు కొన్ని ఉంటాయి. సముద్రం పక్క చౌడు నేలల్లో నిలదొక్కుకునేవి ఆ గింజలేనని ఆమె ఐదో అధ్యాయంలో రాసింది. ఆమె పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఆ నెల ముప్పయ్యో తేదీ సాయంత్రం అయిదింటికి రద్దవుతుంది. ఆ లోపల పుస్తకం కిటికీ దాటి లోపలికి పోకపోతే ఆరేళ్ళూ నీళ్ళపాలే. ఇంకా ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి కదా అని ఆమె ధైర్యంగానే ఉంది.

కిటికీ లోపల సూపరింటెండెంట్ సుగుణమేరీ గారు పేజీలు తిప్పి, తొమ్మిదో పేజీ దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు.

"ఇక్కడ ఆర్కిమిడీస్ అని ఎవరో ఉన్నారేంటమ్మా?"

"అది సూత్రమండి. వస్తువులు ఎందుకు తేలతాయో చెప్తుంది."

"ఎప్పటిది?"

"క్రీస్తు పూర్వం మూడో శతాబ్దమండి."

సుగుణమేరీ గారు కళ్ళద్దాలు తీసేశారు. "ప్రభువు పుట్టకముందు నుంచీ రెన్యువల్ చేయించలేదా? అయ్యయ్యో, ఎంత నిర్లక్ష్యమమ్మా!" అని నిజంగానే బాధపడి, అరగంట క్రితమే వచ్చిన సర్క్యులర్ చేతిలో పెట్టారు.

"పై విషయమై తెలియజేయునది ఏమనగా, ఐదు సంవత్సరముల కాలపరిమితి దాటిన శాస్త్ర సత్యములను, సూత్రములను, నియమములను తగిన పునరుద్ధరణ పత్రము లేకుండా ఏ పరిశోధకుడును వాడరాదు. ఇది తక్షణము అమలులోకి వచ్చును."

దీని వెనక కథ చిన్నదే. పోయిన నెల తనిఖీ బృందం వచ్చి విశ్వవిద్యాలయానికి తక్కువ గ్రేడు ఇచ్చి, ఇక్కడి పరిశోధకులు పాత పుస్తకాలే చూస్తున్నారు, గత ఐదేళ్ళలో వచ్చిన పరిశోధనలు కూడా చూడాలి అని ఒక్క వాక్యం రాసి పోయింది. కొత్త రిజిస్ట్రారు ఆ వాక్యాన్ని మూడుసార్లు చదివారు. ఆయన ముప్పయ్యేళ్ళు రెవెన్యూ శాఖలో పనిచేసిన మనిషి. నిప్పులాంటివాడు. ఆయన చేతిమీదుగా సంతకం లేకుండా పోయిన కాగితం ఒక్కటీ లేదు, తొందరగా పోయిన కాగితమూ లేదు. పాతదంటే రెన్యువల్ లేనిదని ఆయనకి వెంటనే అర్థమైంది.

నూకరత్నం తన గైడు ప్రొఫెసర్ అప్పలాచార్యులు గారిని వెంటబెట్టుకుని రిజిస్ట్రారు గదికి పరుగెత్తింది. ఆచార్యులు గారు తొంభై ఆరు కిలోల మంచి మనిషి. మూడేళ్ళలో రిటైరవ్వాలి. అందుకని పై అధికారుల దగ్గర ఆయన ఒక్క మాటే వాడతారు.

"కూర్చోండమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు మర్యాదగా. "మా మేనమామకి తొంభై ఏళ్ళు. పింఛను వస్తుంది. బతికే ఉన్నానని ఏటేటా నవంబరులో ఆఫీసుకి వెళ్ళి కనపడి వస్తాడు. నడవలేడు, అయినా వస్తాడు. ఆయన కనపడాలి గానీ ఈ ఆర్కిమిడీస్ కనపడనక్కర్లేదా?"

"సార్, సూత్రం మారదండి."

"మారలేదని ఎవరు ధ్రువీకరించారు?"

నూకరత్నం గైడు వైపు చూసింది.

"అవునండి," అన్నారు ఆచార్యులు గారు.

రిజిస్ట్రారు ఒక ఫారం తీసి తానే నింపడం మొదలుపెట్టారు. ఆయనలో ఆ మంచితనం ఉంది.

"సత్యం పేరు రాశాను. కనిపెట్టినవారి పేరు రాశాను. తండ్రి పేరు?"

"ఫీడియాస్ అంటారండి."

"చూశారా, అడిగితే అన్నీ దొరుకుతాయి. నివాసం?"

"సిరక్యూస్ అండి."

"ఏ మండలం? సరే, తర్వాత చూద్దాం. దరఖాస్తుదారుడి సంతకం?"

"ఆయన పోయారండి. రోమన్ సైనికుడు కత్తితో పొడిచి చంపేశాడంటారు."

"అయితే ఎఫ్ఐఆర్ ఉండాలే," అని దక్షిణామూర్తి గారు పక్కన గుర్తు పెట్టుకున్నారు. "వారసులు?"

"తెలీదండి."

"వారసులెవరో తెలియని ఆస్తిని మీరు తొమ్మిదో పేజీలో వాడేసుకున్నారు. మీ ఒక్కరి తప్పు కాదనుకోండి, రెండువేల ఏళ్ళుగా అందరూ అదే పని చేస్తున్నారు. పోనివ్వండి. ప్రకటన అంటిద్దాం. స్థల తనిఖీ, పంచనామా, అభ్యంతరాల విచారణ. ఏ అడ్డూ లేకపోతే పత్రం ఇస్తాను. ఐదేళ్ళు చెల్లుతుంది."

"ముప్పయ్యో తారీకు లోపల అయిపోతుందాండి?"

"రూలు ప్రకారం ఎంత త్వరగా వీలైతే అంత త్వరగా," అన్నారాయన. రెవెన్యూ వాళ్ళ దగ్గర తిరిగినవాళ్ళకి ఆ మాట అర్థం తెలుసు. నూకరత్నం తండ్రి ఒక సరిహద్దు రాయి కోసం పదేళ్ళు తిరిగాడు.

వారం తిరిగేసరికి ఆవరణ అంతా దరఖాస్తులే. గణితం వాళ్ళు పైథాగరస్ కోసం టేపు, తాడు పట్టుకుని లైన్లో నిలబడ్డారు. గుండెకి నాలుగు గదులు ఉన్నాయన్న జంతుశాస్త్రం వాళ్ళని ఇంటి ప్లాను తెమ్మన్నారు. నీళ్ళు నూరు డిగ్రీల దగ్గర మరుగుతాయన్నది పెండింగులో పడింది కాబట్టి రసాయన శాస్త్రం వాళ్ళు తొంభై తొమ్మిది దగ్గరే స్టవ్వు కట్టేస్తున్నారు. గురుత్వాకర్షణ సంగతి మాత్రం అంత తేలిగ్గా వదిలెయ్యడానికి లేదు, పెద్ద ఫైలు. తుది నిర్ణయం వచ్చేదాకా వస్తువులు కింద పడటానికి రిజిస్ట్రారు గారు నోటిమాటగా తాత్కాలిక అనుమతి ఇచ్చారు.

పదమూడో తేదీన స్థల తనిఖీ పెట్టారు. హాస్టలు వంటగది నుంచి నలుగురు మనుషులు మోసుకొచ్చిన రాగి గంగాళాన్ని రసాయన శాస్త్రం భవనం వెనక పెట్టి, నిండా నీళ్ళు పోశారు. పంచనామాకి అయిదుగురు సాక్షులు కావాలి. నలుగురు దొరికారు. అయిదో మనిషి కోసం అటెండర్లు వెతుకుతుండగా నెత్తిన విత్తనాల మూటతో మరిడమ్మ గేటులోంచి వచ్చింది.

మరిడమ్మది చింతలపాలెం. అరవై దాటింది. సముద్రం పక్క చౌడులో ఎకరం నేల చెక్క సాగు చేసుకుంటుంది. నూకరత్నం ప్రయోగాలకి ఆరేళ్ళుగా విత్తనాలు మోసుకొచ్చేది ఆమే. వరస కలుపుకుని నూకరత్నం ఆమెని అత్తా అంటుంది.

"ఇదేంటమ్మాయ్, ఎవరికన్నా తానం చేయిత్తున్నారా?" అంది మరిడమ్మ గంగాళాన్ని చూసి.

"అవునత్తా, మా మాస్టారికి," అంది నూకరత్నం. అబద్ధం చెప్పలేదు. సూత్రం మొదట ఏ పరిస్థితుల్లో కనిపెట్టబడిందో ఆ పరిస్థితుల్లోనే తనిఖీ జరగాలని రిజిస్ట్రారు గారు పట్టుబట్టారు. తొట్టిలో దిగడానికి గెజిటెడ్ హోదాకి తగ్గని మనిషి కావాలి. ఆచార్యులు గారు పంచె ఎగ్గట్టి, కళ్ళు మూసుకుని, గంగాళంలో కూర్చున్నారు.

సగం నీళ్ళు ఒక్కసారిగా బయటికి దూకాయి. రిజిస్ట్రారు గారి బూట్లు తడిశాయి.

"ఆగండి," అన్నారాయన చెయ్యెత్తి. "ఈ నీళ్ళు ఇంతవరకూ గంగాళంలో నివాసం ఉన్నాయి. వీటిని ఎవరు ఖాళీ చేయించారు?"

"ఆచార్యులు గారండి. అదే సూత్రం," అంది నూకరత్నం.

"ముందు నోటీసు ఇచ్చారా?"

"అవునండి," అన్నారు గంగాళంలోంచి ఆచార్యులు గారు, అలవాటు కొద్దీ.

"పునరావాసం?"

చివరికి తడిసిన మట్టిలోంచి చేతనైనన్ని నీళ్ళు ఎత్తి ఒక బకెట్లో పోసి, దానికి సీలు వేసి, సాక్షులందరి చేతా సంతకాలు పెట్టించారు. మరిడమ్మ కూడా మెల్లగా, ఒక్కో అక్షరం తడుముకుంటూ తన పేరు రాసింది. ఇంతలో దక్షిణామూర్తి గారు ఫైలు తిరగేసి, "సదరు ఆర్కిమిడీస్ తొట్టిలోంచి లేచి, దొరికింది దొరికింది అని అరుస్తూ ఒంటి మీద బట్ట లేకుండా వీధిలో పరుగెత్తినట్టు రికార్డులో ఉంది" అన్నారు.

ఆచార్యులు గారు కళ్ళు తెరిచారు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో మొదటిసారి, "కాదండి," అన్నారు.

బేరాలు ఆడారు. చివరికి తువ్వాలుకి అనుమతి దొరికింది. కానీ ఆచార్యులు గారు లేవబోతే గంగాళం కూడా లేచింది. ఆరుగురు అటెండర్లు కాళ్ళూ చేతులూ పట్టి లాగారు, రాలేదు. పావుగంట చూసి, సూర్యుడు పడమటికి దిగితే తనిఖీ చెల్లదని రిజిస్ట్రారు గారు తొందర పెట్టడంతో, ఆయన్ని గంగాళంతో సహా వీధి చివరిదాకా మోసుకెళ్ళారు. దారి పొడుగునా ఆయన "దొరికింది, దొరికింది" అని అరిచారు. ఏం దొరికిందో చూద్దామని హాస్టలు పిల్లలంతా బాల్కనీల్లోకి వచ్చారు. ఆ పూట నూకరత్నం నవ్వాపుకోలేకపోయింది, ఆ రాత్రి అన్నం మాత్రం తినలేకపోయింది.

ఇరవయ్యో తేదీకి అభ్యంతరాల గడువు. ఆర్కిమిడీస్ మీద ఎవరికి పగ ఉంటుందిలే అనుకుంది నూకరత్నం. ఒకరికి ఉంది. క్యాంటీన్ బుల్లబ్బాయి తెల్లకాగితం మీద అభ్యంతరం రాయించి, మూత పెట్టిన స్టీలు గిన్నెతో విచారణకి వచ్చాడు.

"అయ్యా, ఇరవై రెండేళ్ళ నించీ ఈ క్యాంటీన్ నడుపుతున్నానండి. ఆయ్. ఈ సూత్రం గారు ఏటంటున్నారంటేండి, ములిగిందంటే అది బరువైనట్టేనంట. మా గారె సాంబార్లో ములుగుద్దండి. ఇప్పుడు మీరు సంతకం పెట్టేశారంటే బుల్లబ్బాయి గారెలు బరువని గవర్నమెంటు రాసిచ్చినట్టు కాదాండీ? నా బతుకేం కావాలండి?"

"గారె బరువైతే సూత్రం తప్పెలా అవుతుందండీ?" అంది నూకరత్నం.

"అమ్మా, బాధితుడి పక్క నుంచి కూడా చూడాలి," అన్నారు రిజిస్ట్రారు. "గారె ప్రవేశపెట్టండి."

బుల్లబ్బాయి గిన్నె మూత తీసి, సాంబార్లోకి ఒక గారె వదిలాడు. మునిగింది. ఆచార్యులు గారు ఇంకోటి మెల్లగా, పక్కనుంచి జార్చి చూశారు. అదీ మునిగింది. మూడోది అడుక్కి తగిలి ఠంగుమంది. బుల్లబ్బాయి కళ్ళు తుడుచుకున్నాడు. అతన్ని చూస్తే నూకరత్నానికే జాలేసింది.

దక్షిణామూర్తి గారు ఆ సాయంత్రమే ఉత్తర్వు ఇచ్చారు. "ఉభయ పక్షముల వాదనలు విని, వివాదాస్పద గారెలను స్వయముగా పరిశీలించిన మీదట, తుది తీర్పు వెలువడు వరకు సదరు ఆర్కిమిడీస్ సూత్రమును విశ్వవిద్యాలయ ఆవరణలో ఎచ్చటను అమలు పరచరాదు."

మర్నాటి నుంచి ఆవరణలో ఏదీ తేలడానికి వీల్లేదు. జంతుశాస్త్రం వాళ్ళ చెరువులో పద్దెనిమిది బాతులు ఉండేవి. వాటిని గట్టెక్కించి, కర్రతో ఒక వాచ్‌మన్ని కాపలా పెట్టారు. రెండో రోజు ఒక బాతు వాచ్‌మన్ కన్నుగప్పి నీళ్ళలోకి దిగి, ఉత్తర్వులను ధిక్కరించి, ఇరవై నిమిషాలు బహిరంగంగా తేలింది. దాని సంజాయిషీ కోరుతూ విభాగాధిపతికి మెమో వచ్చింది. ఆయన బాతుతో మాట్లాడి చూస్తానని జవాబు రాశాడు.

నూకరత్నం రోజూ వెళ్ళింది. రోజూ రిజిస్ట్రారు గారు కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు, ఫైలు కదలలేదు. ఆమె కోప్పడింది, బతిమాలింది, ఒకరోజు బల్ల మీద చెయ్యి చరిచింది. ఆయన నొచ్చుకోలేదు. "మీ ఆవేదన నాకు అర్థమైందమ్మా, అది కూడా రాతపూర్వకంగా ఇవ్వండి, ఫైల్లో పెడతాను" అన్నారు.

ముప్పయ్యో తేదీ వచ్చింది. మధ్యాహ్నం మూడున్నర. పరిపాలన భవనం మెట్ల మీద నాలుగు ప్రతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఆమె ఏడుస్తోంది. ఆ రోజు మూట తెచ్చిన మరిడమ్మ పక్కన కూర్చుని, కొంగుతో ఆమె మొహం తుడిచింది.

"ఏటి కావాలంట ఆయనకి?"

"కాగితం కావాలి అత్తా. ఆ సూత్రానికి కాగితం లేదు."

"ఓస్ ఇంతేనా! నా చెక్కకి మాత్రం కాయితం ఉందేటి? మొన్నామధ్యన ఒకడొచ్చాడు, పట్టా సూపించమన్నాడు. పట్టా లేదు నాయనా, పన్నెండేళ్ళు కాదు, ముప్పయ్యేళ్ళ నించీ నేనే దున్నుతున్నాను, ఊరంతా సూత్తానే ఉంది, నన్నెవడూ లెగమన్లేదు అన్నాను. నోరు మూసుకుని ఎల్లిపోయాడు."

నూకరత్నం ఏడుపు ఆపేసింది. తర్వాత ప్రతులు ఎత్తుకుని మెట్లెక్కి పరుగెత్తింది. మరిడమ్మ మూట ఎత్తుకుని వెనకాలే వెళ్ళింది. వరండాలో కనపడ్డ ఆచార్యులు గారు కూడా కారణం తెలియకుండానే పరుగెత్తారు.

"సార్," అంది నూకరత్నం రొప్పుతూ, "ఆర్కిమిడీస్ సూత్రానికి రెన్యువల్ అడగడం లేదండి. దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను. అనుభవ హక్కు అడుగుతున్నాను, పన్నెండేళ్ళు అడ్డు లేకుండా అనుభవిస్తే వచ్చేది."

దక్షిణామూర్తి గారి చేతిలో కలం ఆగింది. ఈ చదువుల ఆవరణలోకి వచ్చాక ఆయనకి తెలిసిన భాషలో ఎవరైనా మాట్లాడటం అదే మొదలు. ఆయన కుర్చీలో ముందుకి జరిగారు.

"అనుభవదారు ఎవరు?"

"నీళ్ళండి."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పుట్టినప్పటి నుంచి అండి."

"చాటుగానా, బహిరంగంగానా?"

"గోదావరి నిండా పడవలేనండి. అందరూ చూస్తూనే ఉన్నారు."

"నిరాటంకంగా?"

"ఒక్కరోజు ఆగలేదండి. మీరు స్టే ఇచ్చాక కూడా బాతు ఒకటి కొనసాగించింది. మెమో మీ ఫైల్లోనే ఉంది."

"ఎవరైనా అడ్డుకున్నారా?"

"బుల్లబ్బాయి గారొక్కరే. ఇరవై రెండేళ్ళుగా ప్రయత్నిస్తున్నారు, కుదరలేదు."

దక్షిణామూర్తి గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంత బలమైన కేసు చేతిలో పెట్టుకుని ఇరవై నాలుగు రోజులు మెట్ల మీద కూర్చున్నారేమమ్మా! మొదటిరోజే చెప్పకూడదూ?" అని, గబగబా ఉత్తర్వు రాసి, సీలు వేశారు. నాలుగూ పది. నూకరత్నానికి ఆయన కాళ్ళకి మొక్కాలనిపించింది. మొక్కేలోపే ఆయన ఐదో అధ్యాయం తెరిచారు.

"ఇది ఎన్నేళ్ళుగా అనుభవంలో ఉంది?"

"ఇది కొత్తదండి," అంది ఆమె గర్వంగా. "నా పరిశోధన. పోయిన ఏడాదే రుజువైంది."

"అంటే పన్నెండేళ్ళు నిండలేదు. అయితే దీనికి హక్కు రాదు." ఆయన అధ్యాయాన్ని జాగ్రత్తగా మూసి వెనక్కి ఇచ్చారు. "ఇంకో పదకొండేళ్ళకి తీసుకురండి. నేను రిటైరైనా నోట్ రాసి ఉంచుతాను."

గోడ గడియారంలో నాలుగూ ఇరవై అయిదు. నూకరత్నం ప్రతులు మళ్ళీ బల్ల మీదకి తోసింది. మనిషి భయంలో ఉన్నప్పుడు నోరు ముందు పరుగెడుతుంది, బుద్ధి వెనక వస్తుంది.

"కొత్తది కాదండి! చాలా పాతదండి! మా మరిడమ్మత్త నలభై ఏళ్ళ నుంచీ ఇలాగే ఏరుతోందండి, ఆవిడ దగ్గరే నేను..."

అక్కడ ఆమె బుద్ధి వచ్చి చేరుకుంది. కానీ అప్పటికే ఆలస్యమైంది.

"అవునండి," అన్నారు ఆచార్యులు గారు.

తలుపు దగ్గర మూటతో నిలబడ్డ మరిడమ్మని రిజిస్ట్రారు గారు లోపలికి పిలిచి కుర్చీ వేయించారు.

"ఏమ్మా, నీళ్ళ మధ్యలో వేలాడే గింజ చౌడుకి ఆగుతుందన్న సంగతి మీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"మా అమ్మ కాడ నేర్సుకున్నానండి. పెళ్ళికి ముందే. ఈ అమ్మాయి ఆరేళ్ళ కితం మా ఊరొచ్చి, అందరి చేలూ ఎండిపోయినియ్యి, నీదొక్కటే పచ్చగా ఉందేంటత్తా అని అడిగింది. మా పంచలో కూకోబెట్టి, సత్తు గిన్నెలో ఉప్పునీళ్ళు పోసి సూపించానండి. అదేదో పుత్తకం రాత్తానంది. రాసుకో తల్లీ అన్నాను."

"మంచిది. పుస్తకంలో మీ పేరు ఏ పేజీలో ఉంది?"

మరిడమ్మ నూకరత్నం వైపు తిరిగింది. "ఎక్కడుందమ్మాయ్ నా పేరు?"

నూకరత్నం పేజీలు తిప్పింది. ఆరేళ్ళు తాను రాసిన పుస్తకమే, ఏ పట్టిక ఏ పేజీలో ఉందో నిద్రలో అడిగినా చెప్పగలదు. వెనక నుంచి ముందుకి వచ్చింది. మొదటి పేజీల్లో కృతజ్ఞతల చివర, ఫోటోస్టాట్ తీసినతని పేరు కింద, వేలు ఆగింది.

"ఇదుగో అత్తా. ఇది నువ్వే."

"ఏది, సదువు."

"'కొందరు స్థానిక మహిళలకు.'"

మరిడమ్మ వేళ్ళు లెక్కపెట్టింది. ఆమె గొంతులో కోపం లేదు. నిజంగానే గుర్తు తెచ్చుకుంటోంది. "కొందరంటే ఇంకెవరొచ్చారమ్మాయ్? ఆ రోజు పంచలో నేనొక్కదాన్నే కదా ఉన్నాను."

నూకరత్నం తల ఎత్తలేకపోయింది. ఇరవై నాలుగు రోజులుగా ఆర్కిమిడీస్‌కి అన్యాయం జరిగిందని ఊరంతా మొత్తుకున్న మనిషి ఆమె. ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఊరు పేరు గడగడా చెప్పింది. మరిడమ్మ ఇంటిపేరు ఏమిటో ఆమెకి తెలియదు.

దక్షిణామూర్తి గారికి ఇందులో ఏ చిక్కూ కనపడలేదు. ఇలాంటి కేసులు ఆయన వేలల్లో చూశారు. "సాగులో ఎవరుంటే హక్కు వారిది. ఈ సత్యమునకు మరిడమ్మ గారు పట్టాదారు. డాక్టరేట్ ఆమెకి ఇస్తూ ఉత్తర్వు వేస్తున్నాను."

"నాకెందుకయ్యా డాక్టరు? నేను మందులియ్యలేను," అంది మరిడమ్మ కంగారుగా.

"ఈ డాక్టర్లెవరూ ఇవ్వరమ్మా."

"మరి నా ఆరేళ్ళు?" అంది నూకరత్నం.

"మీ శ్రమని నేను కాదనను. ఆరువందల మళ్ళల్లో వేసి చూశారు, లెక్కలు కట్టారు, ఎందుకలా అవుతుందో రాశారు. అదంతా సాగు కిందే వస్తుంది. ఒకరి పట్టాలో, వారి అనుమతితో సాగు చేసినవారిని మేం కౌలుదారు అంటాం." ఆయన సొరుగులోంచి ఒక కార్డు తీశారు. "మీకు కౌలు డాక్టరేట్ ఇస్తాను. పదకొండు నెలలు చెల్లుతుంది. తర్వాత పట్టాదారు ఇష్టపడితే పొడిగించుకోవచ్చు. యజమాని సంతకం కావాలి."

నాలుగూ నలభై రెండు. కార్డు, కలం మరిడమ్మ ముందుకి జరిగాయి. మరిడమ్మ కలం తీసుకుంది. తీసుకుని, నూకరత్నం చేతిలో పెట్టింది.

"ముందు నువ్వు రాయి. తరవాత నేను పెడతాను."

నాలుగు ప్రతుల్లో 'కొందరు స్థానిక మహిళల'ని కొట్టేసి, నూకరత్నం ఆమెని ఇంటిపేరు అడిగింది. పులుగుర్త అని చెప్పింది మరిడమ్మ. నూకరత్నం ఆ పేరు నాలుగుసార్లు రాసింది, కృతజ్ఞతల చివర కాదు, అట్ట తిప్పగానే కనపడే మొదటి పేజీ మీద, తన పేరుకి పైన. తొందరలో నాలుగో ప్రతిలో అక్షరాలు వంకర పోయాయి. మరిడమ్మ అన్నీ ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివి, సరిపోయాయని తేల్చుకుని, అప్పుడు సంతకం పెట్టింది. అయిదింటికి రెండు నిమిషాలు ఉందనగా సుగుణమేరీ గారు స్టాంపు కొట్టారు.

ఆ డిసెంబరు స్నాతకోత్సవంలో డాక్టర్ పులుగుర్త మరిడమ్మ నల్లగౌను వేసుకుని పట్టా అందుకుంది. బుల్లబ్బాయి ఆ రోజు ఉచితంగా గారెలు పెట్టాడు. అవి సాంబార్లో తేలాయనే కొందరు అంటారు గానీ పంచనామా జరగలేదు.

తనిఖీ బృందం మళ్ళీ వచ్చి, విశ్వవిద్యాలయం రైతుల దాకా వెళ్ళిందని మెచ్చుకుని గ్రేడు పెంచింది. నూకరత్నానికి విత్తన కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. ఆమె పేరుకి ముందు డాక్టర్ అనీ, కింద చిన్న అక్షరాలతో కౌలు అనీ ఉంటుంది. పదకొండు నెలలకి ఒకసారి కార్డు పట్టుకుని చింతలపాలెం వెళ్తుంది. మరిడమ్మ ఊరికే సంతకం పెట్టదు. మొదటిసారి ఒక పూట నాట్లు వేయించి పెట్టింది. రెండోసారి నాట్లు వేయించి, కలుపు తీయించింది. ఈసారి మోకాళ్ళ లోతు చౌడు బురదలో రెండు రోజులు దింపి, గట్టు మీద కూర్చుని వరసలన్నీ ఆ చివరి నుంచి ఈ చివరిదాకా చూసి, పెదవి విరిచింది.

"వంకర పోతన్నాయమ్మాయ్. మూడు నెల్లకే పెడతాను. బాగా సదివి మళ్ళీ రా."